బాబాయి తెచ్చిన 312 ఫోటోలు: హైతీ ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 6

ఈ రోజు రేకుపెట్టె తెరిచాం. మా బాబాయి 2009 జులై నుంచి 2010 జులై దాకా కరీబియన్ దీవుల్లోని హైతీలో ఉన్నారు. అక్కడ 2004 నుంచి 2017 దాకా పనిచేసిన ఐక్యరాజ్యసమితి శాంతి దళానికి మన దేశం పంపిన పోలీసు బృందంలో ఆయన హెడ్ కానిస్టేబుల్. రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ వీధుల్లో గస్తీ ఆయన ఉద్యోగం. ఖాళీ దొరికినప్పుడల్లా ఒక చిన్న డిజిటల్ కెమెరాతో కంటికి ఆనినదల్లా తీశారు. శ్రీకాకుళం తిరిగి వచ్చాక కొన్నింటిని స్టూడియోలో ప్రింటు వేయించి, వెనక బాల్ పెన్నుతో ఒక్కొక్క ముక్క రాసి పెట్టెలో పెట్టేశారు. అప్పటినుంచీ ఆ పెట్టె అటక మీదే ఉంది.

లెక్క చూశాను. మెమరీ కార్డులో 271, ప్రింట్లుగా మాత్రమే మిగిలినవి 41. మొత్తం 312.

వీటిలో 30 ఎంచి, ఒక్కొక్కదాని వెనక ఉన్న కథను తెలుగులో రాసి, ఆగస్టులో మా ఊరి శాఖా గ్రంథాలయం హాల్లో పది రోజులు పెట్టాలన్నది ఆలోచన. గ్రంథాలయాధికారి వెంటనే ఒప్పుకున్నారు. గోడలకు మేకులు కొట్టకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు.

సాయంత్రమంతా ప్రింట్ల వెనక రాసినవి చదువుతూ కూర్చున్నాను. “మార్కెట్, బీదవాళ్ళు.” “చిన్న బ్యాంకు.” “ముసలివాళ్ళు, ఏదో నాటు వైద్యం.” “బీద ఇల్లు.” 41 ప్రింట్లలో 14 చోట్ల ‘బీద’ అన్న మాట ఉంది. బాబాయి తన గుర్తు కోసం రాసుకున్నవే, ఆయనను తప్పు పట్టను. కానీ ఆ మార్కెట్ ఫోటోలో ఒకామె తల మీద నిండు గంప ఉంది, నడుముకు బిగించి కట్టిన డబ్బు సంచి ఉంది, పక్కకు తిరిగి ఎవరినో కేకేస్తున్న గొంతు కూడా నాకు వినిపిస్తున్నట్టే ఉంది. ఆ ఒక్క మాట వీటన్నింటినీ కప్పేస్తోంది. నోటుపుస్తకం మొదటి పేజీలో ఒక నియమం రాసుకున్నాను: నేను రాసినది ఆ ఫోటోలోని మనిషికి చదివి వినిపిస్తే “అవును, అది నేనే” అనాలి.

ఏప్రిల్ 13

కార్డు మొత్తానికీ కంప్యూటర్‌లో ఒక నకలు, విడి హార్డ్ డిస్క్‌లో మరో నకలు తీశాను. అసలు కార్డును కవరులో పెట్టి అంటించేశాను, ఇక దాన్ని ముట్టుకోను. 19 ఫైళ్ళు తెరుచుకోలేదు. పాడైన ఫైళ్ళను బాగుచేసే సాఫ్ట్‌వేర్‌తో 11 బయటికి వచ్చాయి. మిగిలిన 8 సగం దాకా కనిపించి, ఆ కింద బూడిదరంగు పలకలా ఆగిపోయాయి.

ప్రింట్లను 600 డీపీఐలో స్కాన్ చేస్తున్నాను. బాల్ పెన్నుతో ఒత్తి రాయడం వల్ల ముందువైపు మొహాల మీద అక్షరాల గాట్లు తేలాయి. స్కానర్ అద్దం మీద ప్రింటును అడ్డంగా తిప్పి పెట్టినప్పుడు గాటు నీడ చాలా వరకు తగ్గింది. ఇంట్లో పాత ఫోటోలున్న ప్రతి ఒక్కరికీ ఒక మాట: వెనక రాయదలిస్తే మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండా, అంచున రాయండి.

వేరే చిక్కొకటి ఎదురైంది. ఫైళ్ళలో నమోదైన సమయాలు అర్థం లేకుండా ఉన్నాయి. నడినెత్తిన ఎండ కాస్తున్న సంత ఫోటో రాత్రి 10:41కి తీసినట్టుంది. బాబాయిని అడిగితే తేలింది. కెమెరా కొన్నది విశాఖపట్నంలో, గడియారం పెట్టిందీ అక్కడే, హైతీ వెళ్ళాక దాన్ని మార్చలేదు. అంటే ఏడాది పొడుగునా ఆ కెమెరా మన ఊరి కాలంలోనే బతికింది. ఆ ఏడాదంతా హైతీ మనకు పదిన్నర గంటలు వెనక.

ఏప్రిల్ 20

పదిన్నర గంటలు తీసేస్తే చాలుననుకోవడానికి మనసు ఒప్పలేదు. కెమెరా గడియారమే తప్పు నడిచి ఉండవచ్చు. గడియారం కనిపించే ఫోటో ఉందేమోనని 271నీ పెద్దవి చేసి చూసుకుంటూ పోయాను. రెండు దొరికాయి. ఒకటి సెలూను గోడ మీది గడియారం: 10:20 చూపిస్తోంది, ఫైలులో రాత్రి 8:53 అని ఉంది. రెండోది అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న బాబాయి మణికట్టు: 6:10, ఫైలులో సాయంత్రం 4:43. రెండింటికీ తేడా 10 గంటల 33 నిమిషాలు. కెమెరా మూడు నిమిషాలు ముందు నడిచిందన్నమాట. 2009 నవంబరులో ఒకటి, డిసెంబరు చివర్లో మరొకటి తీసినా తేడా మారలేదు కాబట్టి ఈ లెక్కను నమ్మవచ్చు.

ప్రతి ఫోటోకూ అసలు హైతీ సమయం కట్టి పట్టికలో ఎక్కిస్తున్నాను. ప్రింట్ల మూల నారింజ రంగులో పడ్డ తేదీలు కూడా మన దేశపు తేదీలే. అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక తీసిన ఫోటోలకు మరునాటి తేదీ పడింది.

మే 4

మా చెల్లెలు బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఆ నగరంలో హైతీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఒక నర్సు, హైతీ దక్షిణ తీరంలోని జాక్మెల్‌లో పుట్టి పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో చదువుకున్నావిడ, ఫోటోలు చూసి చెప్పడానికి ఒప్పుకున్నారు. పేరు రాయవద్దన్నారు. ఈ డైరీలో ఆమె జాక్మెల్ అక్కయ్య.

ఆదివారం వాళ్ళకు ఉదయం, మనకు రాత్రి. వీడియో కాల్‌లో అటు అక్కయ్య, చెల్లెలు. ఇటు నేను, బాబాయి. చెల్లెలు మాటలను అటూ ఇటూ అనువదిస్తోంది. అక్కయ్య అడిగిన మొదటి ప్రశ్న: “ఇవి తీసేటప్పుడు వాళ్ళను అడిగారా?”

బాబాయి నిజమే చెప్పారు. కొందరిని అడిగారు, చాలావరకు గస్తీ వాహనంలోంచే తీశారు. “కిటికీలోంచి తీసినవి చూడగానే తెలుస్తాయి. మావాళ్ళ కళ్ళల్లో ఉంటుంది” అన్నారామె. తమ ఇబ్బందిని ఫోటో తీసి ఎవరో డబ్బు చేసుకుంటారన్న కోపం అక్కడ చాలామందికి ఉందట. అందుకే కెమెరా ఎత్తితే చెయ్యి అడ్డం పెడతారు, తిడతారు. కొందరైతే సూటిగా, ఈ బొమ్మ ఎంతకు అమ్ముతావని అడుగుతారు.

వాహనంలోంచి తీసినవి 118. వాటిని పక్కన పెట్టేశాను. నిజానికి అక్కడితో ప్రాజెక్టు సన్నబడిపోతుందని భయపడ్డాను. మిగిలినవి చూశాక ఆ భయం పోయింది. అడిగి తీసిన ఫోటోల్లో మనుషులు నిటారుగా నిలబడ్డారు. ఒకాయన చొక్కా మార్చుకుని వచ్చి నిలబడ్డారని బాబాయికి ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడే బాబాయి ఒక సంగతి చెప్పారు. హైతీలో పల్లెపట్టున ఎవరి వాకిట్లోకైనా అడుగు పెట్టే ముందు “ఒనే!” అని పిలవాలి. లోపలివాళ్ళు “రెస్పే!” అని బదులిస్తే వెళ్ళాలి. ఒకటి గౌరవం, రెండోది మర్యాద. దళంలోని దుబాసీ ఆయనకు మొదటి వారమే ఇది నేర్పించాడట. బాబాయి నోట “ఒనే” వినగానే అక్కయ్య అప్రయత్నంగా “రెస్పే” అనేశారు. ఆ తర్వాత మాటలు తేలికగా సాగాయి.

“చిన్న బ్యాంకు” అని రాసిన ఫోటో చూసి ఆమె చాలాసేపు నవ్వారు. పచ్చరంగు చెక్క గది, పైన ‘బ్యాంక్’ అని పెద్ద అక్షరాలు, పక్కన బల్ల మీద సుద్దతో రాసిన అంకెలు. అది బోలెట్, అంటే అంకెల లాటరీ దుకాణం. వాటిని అక్కడ బ్యాంకులనే పిలుస్తారు. గెలిచే అంకెలు న్యూయార్క్, ఫ్లోరిడా లాటరీల నుంచి వస్తాయి. ఏ అంకె మీద పెట్టాలన్నది కల చెబుతుంది. కలలో పాము కనిపిస్తే ఫలానా అంకె, పెళ్ళి కనిపిస్తే ఫలానా అంకె అని చెప్పే పుస్తకం ఉంది, దాని పేరు ‘చాలా’. మన తెలుగు చాలాకూ దానికీ ఏ సంబంధమూ లేదని చెప్పాల్సి వచ్చింది. అక్కయ్య వాళ్ళ నాన్నమ్మ తెల్లవారగానే అందరినీ వరసగా కూర్చోబెట్టి ఎవరికే కల వచ్చిందో అడిగేదట.

“నాటు వైద్యం” ఫోటోలో నలుగురు పెద్దమనుషులు చెట్టు కింద బల్ల చుట్టూ ఉన్నారు. ఇద్దరి చెవులకూ బుగ్గలకూ బట్టలు ఆరేసే క్లిప్పులు. బల్ల మీద తెల్లగా కనిపిస్తున్నవి డామినో పలకలు. ఓడినవాళ్ళ మొహానికి క్లిప్పు పెట్టడం ఆటలో భాగం. ఎడమవైపు కూర్చున్నాయనకు అయిదు క్లిప్పులున్నాయి, ఆయన మొహంలో పట్టుదల చూడండి. బాబాయి పదిహేనేళ్ళుగా దాన్ని పంటినొప్పికి చికిత్స అనుకున్నారు.

మే 11

మార్కెట్ ఆమె ఫోటోకు పేరు దొరికింది. అక్కయ్య చూడగానే “మదాన్ సారా” అన్నారు. కొండల్లోని రైతుల దగ్గర పంట కొని, లారీల మీద బస్తాలపైన కూర్చుని ప్రయాణం చేసి, పట్నం సంతల్లో అమ్మే ఆడవాళ్ళను అలా పిలుస్తారు. రైతుకు అప్పిచ్చేదీ, ఊరికి కబురు మోసేదీ, పిల్లలను చదివించేదీ వీళ్ళే. దేశం తినే తిండి చాలా మటుకు వీళ్ళ చేతుల మీదుగానే వెళుతుంది.

మదాన్ సారా ఒక పిట్ట పేరు. ఆఫ్రికా నుంచి వచ్చి ఆ దీవిలో స్థిరపడింది. గుంపులుగా తిరుగుతుంది, ఎక్కడ గింజ ఉన్నా కనిపెడుతుంది, ఒక్క క్షణం ఊరుకోకుండా అరుస్తూనే ఉంటుంది. ఫోటో వెతికి చూశాను. పసుపుపచ్చని ఒళ్ళు, నల్లని మొహం, చెట్టుకు వేలాడే అల్లిక గూడు. మన గిజిగాడి జాతిదే! ఈ ఒక్క వాక్యం కోసం ఒక పూట పట్టింది, పట్టినందుకు సంతోషంగా ఉంది. “మార్కెట్, బీదవాళ్ళు” కొట్టేసి ఇలా రాశాను: “కొండ నుంచి సరుకు దింపుకుని వచ్చిన వర్తకురాలు. ఇలాంటివాళ్ళను హైతీలో మదాన్ సారా అంటారు. అది గిజిగాడి చుట్టమైన ఒక పిట్ట పేరు.”

పక్కనే ఇంకో ఫోటో. ఒక పెద్దావిడ గుమ్మంలో కాళ్ళు చాపుకుని ఒళ్ళో చేట పెట్టుకుని పచ్చికాయలు వలుస్తోంది. మా పిన్ని వెనకనుంచి చూసి “కందికాయలు కదూ?” అంది. కందికాయలే. అక్కడి పేరు ప్వా కొంగో, కాంగో గింజ. కంది పుట్టింది మన దేశంలో. ఇక్కడినుంచి ఆఫ్రికాకు, బానిసలను మోసిన ఓడల కాలంలో ఆఫ్రికా నుంచి కరీబియన్ దీవులకు చేరింది. అటువైపునుంచి వచ్చింది కాబట్టి వాళ్ళు దానికి ఆ పేరు పెట్టుకున్నారు. ఫోటో తీసింది డిసెంబరులో, మా వైపు ఉప్పేసి ఉడికించిన కందికాయలు తినేదీ ఆ రోజుల్లోనే. వాళ్ళు అన్నంలో కలిపి వండుతారు. పిన్ని ఎన్ని విజిల్స్ రానివ్వాలని అడిగితే, చెల్లెలు ఆ ప్రశ్నను అక్కయ్యకు చేరవేసింది. ఇద్దరూ అరగంట వంట మాట్లాడుకున్నారు, నేను నోట్సు రాసుకున్నాను.

ఇంకో చిన్న సంగతి. బాబాయి ఏదో చెబుతుంటే నేను ఊఁ కొడుతున్నాను. ఆ శబ్దం ఏమిటని అక్కయ్య అడిగారు. కథ వినేవాళ్ళు ఊఁ కొట్టకపోతే మా దగ్గర కథ ముందుకు నడవదన్నాను. వాళ్ళ దగ్గర చెప్పేవాళ్ళు “క్రిక్?” అని అడుగుతారట. వినేవాళ్ళు “క్రాక్!” అని గట్టిగా అంటేనే కథ మొదలవుతుందట.

మే 18

టాప్‌టాప్‌లు 26 ఉన్నాయి, మూడు తీసుకున్నాను. ఇవి రంగులతో, దేవుడి బొమ్మలతో, ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మొహాలతో నిండిన ప్రయాణికుల బళ్ళు. దిగాలంటే రేకు మీద టపటపా కొట్టాలి, పేరు అక్కడినుంచే. ఒకదాని నుదుటి మీది రాత చెట్టుకొమ్మ వెనక సగం దాగిపోయింది, అక్కయ్య పూర్తి చేశారు: “బొండ్యే బోన్”, దేవుడు మంచివాడు.

అధ్యక్ష భవనం ఫోటోలు 22. తెల్లని గోడలు, మూడు గుమ్మటాలు. 2010 భూకంపంలో కూలింది, 2012లో శిథిలాలు తీసేశారు. ఒకటి చాలు.

చెక్క జాలీలు, పొడవైన కిటికీలు, ముందు అరుగులాంటి వసారా ఉన్న పాత ఇళ్ళవి రెండు. భూకంపంలో ఈ చెక్క ఇళ్ళు ఒరిగినా చాలావరకు నిలబడ్డాయి. బరువైన సిమెంటు కప్పులు, సన్నని స్తంభాలు, చాలీచాలని ఇనుము ఉన్న కొత్త కట్టడాలు కూలాయి. ఒకటి ఉంచాను.

జూన్ 1

హాలు గుమ్మం దగ్గర పెట్టే పరిచయం రాశాను. మొదటి వాక్యం “పశ్చిమార్ధగోళంలోకెల్లా పేద దేశం హైతీ” అని. చెల్లెలు దాన్ని అక్కయ్యకు చెప్పగానే ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: “మా దేశం పేరు ఎక్కడ రాసినా దాని వెంట ఈ వాక్యం వస్తుంది. రాయండి, అబద్ధం కాదు. కానీ రాస్తే ఎలా పేదదైందో కూడా రాయండి.”

ఆమె చెప్పినదాన్ని వారం రోజులు చదివి సరిచూసుకున్నాను. బానిసలు తిరగబడి, నెపోలియన్ సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్న దేశం అది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలను తీరానికి పంపి, తమ వలసదారులు పోగొట్టుకున్న ‘ఆస్తి’కి పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆ ఆస్తిలో మనుషులు కూడా ఉన్నారు. తమను తాము విడిపించుకున్నందుకు మనుషులు తమ పాత యజమానులకు పరిహారం కట్టారు. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. కట్టడానికి ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే అప్పు చేశారు. ఆ అప్పులు, వడ్డీలు తీరేసరికి 1947 వచ్చింది, అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది. మధ్యలో 1915 నుంచి 1934 దాకా దేశం అమెరికా సైన్యం చేతిలో ఉంది.

పరిచయం మొదటి వాక్యం మార్చాను. ఇప్పుడది 1804తో మొదలవుతుంది.

జూన్ 8

కష్టమైన రోజు.

బాబాయికి అన్నింటికన్నా ఇష్టమైన ఫోటో ఒకటుంది. శాంతి దళం నీలి టోపీ పెట్టుకుని, మూడేళ్ళ పాపను ఎత్తుకుని నవ్వుతున్నారు. ఇంట్లో హాల్లో ఫ్రేము కట్టి ఉన్నది అదే. ప్రదర్శన పోస్టరుకు అదే వాడాలని ఆయన కోరిక. నా కోరిక కూడా.

అక్కయ్య వద్దనలేదు. వాళ్ళ అమ్మమ్మ ఊరి సంగతి చెప్పారు. అది అర్తిబోనీట్ నది ఒడ్డున ఉంది. 2010 అక్టోబరులో ఆ నది వెంట కలరా పాకింది. అంతకుముందు వందేళ్ళకు పైగా హైతీలో ఆ జాడ్యం లేదు. మీర్బలే దగ్గరున్న శాంతి దళ శిబిరం నుంచి మురుగు నదిలో కలవడం వల్ల వచ్చింది. దాదాపు పదివేలమంది చనిపోయారు. ఐక్యరాజ్యసమితి తన పాత్రకు హైతీ ప్రజలను క్షమాపణ కోరడానికి 2016 డిసెంబరు దాకా పట్టింది. “మీ బాబాయి మంచివారని ఈ నెల రోజుల్లో నాకు తెలిసింది. ఆ టోపీని చూస్తే మాత్రం నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొస్తుంది” అన్నారు.

ఆ శిబిరం మనవాళ్ళది కాదు, అప్పటికి బాబాయి ఇంటికి వచ్చేసి మూడు నెలలైంది. ఈ మాట నేను పైకి అనబోయాను. బాబాయి చెయ్యెత్తి ఆపారు. కాల్ అయ్యాక ఆయనే అన్నారు: “ఆ పాప పేరు నాకు తెలియదమ్మా. వాళ్ళమ్మ పేరూ తెలియదు. నా మొహం కోసం పెట్టుకున్న ఫోటో అది. ఇంట్లో ఉంటుంది, అక్కడ వద్దు.”

ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నాం. పిల్లల మొహాలు స్పష్టంగా కనిపించేవి ఏవీ పెట్టడం లేదు. బడికి వెళుతున్న ముగ్గురమ్మాయిల ఫోటో మాత్రం ఉంటుంది, అది వెనకనుంచి తీసింది. ఇస్త్రీ మడత చెదరని యూనిఫారాలు, ప్రతి జడకూ తెల్లని రిబ్బను. నీళ్ళు బకెట్లతో మోసుకోవలసిన ఊళ్ళో ఆ తెలుపును ఎవరు ఏ వేళకు లేచి ఉతికారన్నదే ఆ ఫోటో వెనక కథ.

జూన్ 15

2010 జనవరి నెలకు వచ్చాను.

జనవరి 1: పళ్ళెంలో గుమ్మడి రంగు సూప్, పక్కన బ్రెడ్డు. బాబాయి రాత “న్యూ ఇయర్ గుమ్మడి పులుసు.” ఇది సూప్ జూమూ. బానిసత్వ కాలంలో బానిసలు పండించి, వండి, వడ్డించాలి తప్ప నోట పెట్టకూడని వంటకం. స్వతంత్రం వచ్చిన రోజు అందరూ అదే వండుకున్నారు. అప్పటినుంచీ ప్రతి జనవరి 1న ప్రపంచంలో ఎక్కడున్నా హైతీవాళ్ళు ఇదే వండుకుని ఇరుగుపొరుగుకు పంచుతారు. 2021లో యునెస్కో దీన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బాబాయికి పళ్ళెం ఇచ్చింది దుబాసీ తల్లి. ఇవన్నీ ఆయనకు అప్పుడు తెలియవు, రెండోసారి అడిగి వేయించుకున్నారు.

తర్వాత 184వ ఫోటో. ఫైలులో 2010 జనవరి 13, తెల్లవారుజాము 3:04. చూస్తే సాయంకాలపు పసుపు వెలుగు, పొడవాటి నీడలు. రోడ్డు పక్కన ఒకామె కుంపటి మీద మూకుడు పెట్టి ఏవో వేయిస్తోంది. వెనక రెండంతస్తుల సిమెంటు మేడ, కింది అంతస్తులో బోలెట్ దుకాణం. ఆమె తలెత్తి కెమెరా వైపు చూస్తోంది, నవ్వు అప్పుడే మొదలవుతోంది.

అలవాటుగా 10 గంటల 33 నిమిషాలు తీసేశాను. జనవరి 12, సాయంత్రం 4:31.

భూకంపం వచ్చింది జనవరి 12, సాయంత్రం 4:53కి. తీవ్రత 7.0. కేంద్రం పోర్ట్-ఓ-ప్రిన్స్‌కు పడమర 25 కిలోమీటర్ల దూరంలో, లెయోగాన్ దగ్గర. ఇరవై రెండు నిమిషాలు.

లెక్క మూడుసార్లు చేశాను. కంప్యూటర్ మూసేశాను. మళ్ళీ తెరిచి తర్వాతి ఫోటో చూశాను. 185వది జనవరి 29న తీసింది: నీలి టార్పాలిన్ కింద కుర్చీ వేసి, చెట్టుకు అద్దం కట్టి, ఒకాయన జుట్టు కత్తిరిస్తున్నారు. మధ్యలో పదిహేడు రోజులు ఒక్కటంటే ఒక్కటి లేదు.

మనకు అప్పుడు జనవరి 13, భోగి. ఆ వేళకు ఇంకా చీకటి. పిన్నికి బాగా గుర్తుంది: భోగి మంట వేసి, పిల్లలకు నలుగు పెడుతుండగా టీవీలో చెప్పారు. ఐక్యరాజ్యసమితి కార్యాలయం ఉన్న హోటల్ కూలిందని, ఆ మిషన్ అధినేత ఆచూకీ లేదని. ఆ సంస్థవాళ్ళే 102 మంది పోయారు. బాబాయి గొంతు వినేసరికి కనుమ దాటింది.

జూన్ 22

వారం రోజులు ఆలోచించి, ఈ రోజు 184 గురించి బాబాయికి చెప్పాను. సమయం మాత్రం కాగితం మీద రాసి ముందు పెట్టాను.

ఆయనకు ఆ రోజని తెలుసు. అంత దగ్గరి నిమిషమని తెలియదు.

గస్తీ నుంచి తిరిగి వస్తుంటే డెల్మా దారిలో టైరు పంక్చరైంది. మారుస్తుండగా వాసన వచ్చి నలుగురూ దిగారు. ఆమె వేయిస్తున్నవి అక్రా, అంటే చేమదుంపకు దగ్గరి చుట్టమైన మలంగాను కోరి, మిరపకాయ కలిపి వేసే పకోడీలు. పక్కన పచ్చి అరటి ముక్కలను ఒకసారి వేయించి, చెక్కతో అదిమి, మళ్ళీ వేయించిన బనాన్ పెజే. వాటి మీద పిక్లీజ్: క్యాబేజీ, క్యారట్, మండే మిరపకాయ పులుపులో ఊరేసినది. “మన మిరపకాయ బజ్జీ బండి ముందు నిలబడినట్టే ఉంది” అన్నారు. ఫోటో తీయవచ్చా అని అడిగితే ఆగమని కొంగులాంటి గుడ్డతో మొహం తుడుచుకుంది. అందుకే ఆ నవ్వు.

ఎంతంటే “సెన్క్ దోలా” అంది. అయిదు డాలర్లా అని బాబాయి ఉలిక్కిపడ్డారు. హైతీ డాలరు అనే నాణెమూ లేదు, నోటూ లేదు. అక్కడి డబ్బు గూర్డు, అయిదు గూర్డులను ఒక డాలరని లెక్క చెప్పడం జనం నోట మిగిలిన అలవాటు. మనం పావలా, అర్ధ అన్నట్టు. అంటే 25 గూర్డులు. ఆయన దగ్గర వెయ్యి గూర్డుల నోటు ఒక్కటే ఉంది. ఆమె దగ్గర చిల్లర లేదు. చెయ్యి ఊపి “దెమెన్, సి ద్యే వ్లే” అంది. రేపు ఇవ్వు, దేవుడి దయ ఉంటే. అక్కడ రేపు అన్న మాట ఒంటరిగా రాదు, ఈ తోక లేకుండా ఎవరూ అనరు.

శిబిరం గేటు దాకా వచ్చారు. అప్పుడు నేల కదిలింది.

మూడో రోజు ఆ దారిన వెళ్ళారు. మేడ ఏదో, దుకాణం ఏదో గుర్తుపట్టడానికి ఏమీ మిగలలేదు. “కెమెరా జేబులోనే ఉంది. చెయ్యి పోలేదు” అన్నారు. తర్వాత నెల్లాళ్ళు ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా కుంపట్ల దగ్గర మొహాలు చూశారట. ఫిబ్రవరికల్లా అవే రోడ్ల మీద అక్రా మళ్ళీ వేగుతోంది. వేసేవాళ్ళు వేరు.

నేను ఊఁ కొట్టడం మరిచిపోయాను. ఆయన కూడా గమనించలేదు.

జులై 6

విజయనగరంలో ప్రింట్లు వేయించాను. ముందు ఫ్లెక్సీ మీద ఒకటి వేసి చూశారు, చవక, కానీ మొహాలు ప్లాస్టిక్‌లా మెరిశాయి. మెరిసే లామినేషన్ కూడా పనికిరాదు, హాల్లో ట్యూబులైటు నేరుగా మొహం మీద పడుతుంది. చివరికి 12×18 అంగుళాల మ్యాట్ ప్రింటు, సన్‌బోర్డు మీద అతికించి. కొలతలు కుదిరాయి. మేకుల బెడద లేకుండా కిటికీ ఊచలకు పైన ఒక తీగ లాగి, దాని నుంచి నైలాన్ తాళ్ళతో వేలాడదీయవచ్చని గ్రంథాలయాధికారే ఉపాయం చెప్పారు.

నల్లని చర్మం ప్రింటులో మరీ ముదురైపోయి కళ్ళు తప్ప ఏమీ కనిపించని ఫోటోలు ఆరు ఉన్నాయి. ప్రింటు వేసే కుర్రవాడు మొత్తం ఫోటో వెలుగు పెంచేశాడు, ఆకాశం తెల్లగా పాలిపోయింది. పక్కన కూర్చుని నీడల భాగం మాత్రమే కొద్దికొద్దిగా పెంచుతూ రెండు గంటలు పనిచేశాం. డామినో పెద్దాయన నుదుటి ముడతలు ఇప్పుడు కనిపిస్తున్నాయి.

23 వ్యాఖ్యలు పూర్తయ్యాయి. 7 మిగిలాయి.

జులై 13

184 వ్యాఖ్య పదకొండుసార్లు రాశాను. భూకంపం సంగతి చేర్చితే ఆమె ఫోటో కాస్తా భూకంపం ఫోటో అయిపోతోంది. చేర్చకపోతే నేను దాస్తున్నట్టుంది. చివరికి తేదీ, సమయం అంకెల్లో వేసి ఊరుకున్నాను. పక్క బోర్డు మీద 185, టార్పాలిన్ కింద సెలూను, దాని తేదీతో ఉంటుంది. భూకంపం నిమిషం ఆ బోర్డులో ఉంది. చదివేవాళ్ళు రెండడుగులు వేస్తే కనిపిస్తుంది.

బాబాయి చదివారు. “బాకీ సంగతి రాయలేదేమ్మా?” అన్నారు.

రాశాను: “అక్రా వేయిస్తున్న ఆమె. డెల్మా దారి, పోర్ట్-ఓ-ప్రిన్స్. 2010 జనవరి 12, సాయంత్రం 4:31. ఫోటో తీసిన వ్యక్తి ఈమెకు 25 గూర్డులు బాకీ.”

రాత్రి అక్కయ్యకు చెల్లెలు చదివి వినిపించింది. అక్కయ్య ఒక్క దిద్దుబాటు చెప్పారు. గూర్డులని ఆమె అనదు, అయిదు డాలర్లనే అంటుంది, అలాగే ఉంచమన్నారు. దాని కింద హైతీవాళ్ళ భాష క్రియోల్‌లో కూడా ఒక వాక్యం రాసి పంపుతానన్నారు.

184 ప్రూఫు మళ్ళీ వేయించాలి. సోమవారం విజయనగరం వెళుతున్నాను. బాబాయి తానూ వస్తానన్నారు.